గొంతు బాగానే ఉంది

చిరంజీవి బుడంకాయకు,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. అందరం క్షేమం అన్న మాటతో మొదలుపెట్టాలి కదా. మీ నాన్న క్షేమం. మెట్ల కింద ఈనిన పిల్లి, దాని పిల్లలు క్షేమం. నా సంగతి ఉత్తరం కిందికి పోయేకొద్దీ నీకే తెలుస్తుంది. నువ్వు అక్కడ వేళకు తింటూ, కంటినిండా నిద్రపోతూ, హాస్టల్ గదిలో ఆ ఊడిపోయిన కిటికీ రెక్క బాగుచేయించుకుని ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఎప్పుడు ఫోన్ చేసినా నాన్నే ఎత్తుతున్నారని అలిగి, చివరికి కాగితం మీదికి దిగావు. "మాట్లాడడం కుదరకపోతే రాయడమైనా కుదురుతుందిగా, టీచరమ్మా" అన్న నీ మొదటి వాక్యం చదివి నాన్న, "అచ్చం నీ పోలికే. పలకరింపులోనే దెప్పుతుంది" అన్నారు. నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను. ఏది వదిలేసినా మళ్లీ నా పీకల మీద కూర్చుంటావని తెలుసు.

నాన్న కళ్లద్దాల దుకాణం బాగానే నడుస్తోంది. కళ్లు పరీక్షించే కొత్త యంత్రం కొన్నారు కానీ, పాతవాళ్లంతా గోడ మీది అక్షరాల అట్టే కావాలంటున్నారట. ఆ మధ్య ఒక పెద్దాయన ఆ అక్షరాలన్నీ పైనుంచి కిందిదాకా గడగడా చదివేశాడట. నాన్నకు అనుమానం వచ్చి దీపం ఆర్పేస్తే, చీకట్లో కూడా చదువుతూనే ఉన్నాడట. నా నోరు మూతపడింది కాబట్టి ఇద్దరి వాటా మాటలూ నాన్నే మాట్లాడుతూ వచ్చారు. దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేవారు. పొద్దున్నే నాకంటే ముందు లేచి, ఆవిరి పట్టడానికి నీళ్లు కాచి, తువ్వాలు మడిచి పక్కన పెట్టి, అప్పుడు గానీ తన పని చూసుకునేవారు కాదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పొయ్యి ముందు అంతసేపు నిలబడడం నేనెన్నడూ చూడలేదు.

ఇక నా గొంతు. అది పోయిన రోజు ఏడో తరగతిలో ఉన్నాను. నదుల పాఠం. కొండల్లో ఉరకలేసిన నీళ్లు మైదానంలోకి వచ్చేసరికి ఎందుకు నెమ్మదిస్తాయో చెబుతున్నాను. "ఎందుకంటే" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. నోరు తెరిచే ఉంది, పెదవులు కదులుతున్నాయి, గాలి మాత్రమే బయటికి వస్తోంది. పిల్లలు మొదట అదేదో ఆట అనుకున్నారు. నేను అప్పుడప్పుడూ మాటలు లేకుండా సైగలు చేసి వాళ్లచేత చెప్పిస్తుంటాను కదా. ముందు బల్లల వాళ్లు "చేప", "పడవ" అని అరిచారు. ఒక పిల్ల లేచి నిలబడి "మునిగిపోతున్న మనిషి, మేడమ్" అంది. ఆ పిల్లకు పూర్తి మార్కులు వెయ్యాల్సింది. నేను గోడకు ఆనుకుని నిలబడిపోవడం చూశాక ఒక్కొక్కరే కూర్చున్నారు. అంతమంది పిల్లలున్న గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

పక్క గదిలో లెక్కలు చెబుతున్న మన లెక్కల పిన్ని ఆ నిశ్శబ్దానికే భయపడి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని స్టాఫ్‌రూముకు తీసుకెళ్లింది, వేడి నీళ్లు తాగించింది. ఆ పూట మాట రాలేదు, మర్నాడూ రాలేదు. నాన్న గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి చూస్తారని చెప్పగానే నాకంటే ముందు ఆయన ముఖం పాలిపోయింది. బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. నేను లోపలికి వెళ్లి వచ్చి, నీ చిన్నప్పటి పలక ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లాను కదా, దాని మీద "వాపు. విశ్రాంతి. మాట్లాడకూడదు" అని రాసి చూపించాను. నాన్న నీకు ఫోనులో చెప్పింది అదే.

"అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చావమ్మా" అని అడిగావు. మొదట్లో నెట్టాల్సిన అవసరమే లేకపోయింది, తల్లీ. ఆ పనే నన్ను నడిపించేది. సాయంత్రం ఇంటికి వస్తే కాళ్లు లాగేవి గానీ మనసు తేలిగ్గా ఉండేది. ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేను. ఒక టీచరు మానేసి వెళ్లిపోయింది, ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. "కొన్నాళ్లు సర్దుకోండి" అని రెండు సెక్షన్లనూ కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టారు. ఆ కొన్నాళ్లు ఇంకా అయిపోలేదు. ముగ్గురి బల్ల మీద ఐదుగురు. చివరి ఇద్దరికీ సగం ఒళ్లు గాల్లోనే ఉంటుంది. తర్వాత ఇంకో టీచరు జబ్బుపడింది. మాకున్న ఖాళీ పీరియడ్లు ఆమె క్లాసులకు పోయాయి. పొద్దున బడి మొదలుకాకముందే పిల్లల హాజరు ఫోటో తీసి పంపాలి. మధ్యాహ్నం వాళ్లు తింటున్న ఫోటో పంపాలి. శుక్రవారం ఆనందంగా నేర్చుకుంటున్న వీడియో పంపాలి. ఆనందంగా లేరని మొదటి వీడియో వెనక్కి పంపితే, పిల్లలను మళ్లీ నవ్వించి తీశాను. మార్కులు కాగితం మీద ఒకసారి, ఫోనులో ఒకసారి ఎక్కించాలి. ఇంటికి వచ్చాక తల్లిదండ్రుల గ్రూపు. మా వాడికి ఎందుకు తగ్గాయి, మా అమ్మాయిని వెనక బల్లలో ఎందుకు వేశారు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని జవాబులు టైపు చేసేదాన్ని. నాన్న ఫోను లాక్కుని అల్మారాలో పెడితే, అది అల్మారాలోంచి కూడా టింగుమంటూనే ఉండేది.

ఒకాయన తల్లిదండ్రుల మీటింగులో ఫోను నా ముఖానికి ఎదురుగా పెట్టి, "చెప్పండి మేడమ్, రికార్డు అవుతోంది" అన్నాడు. ఆయన కొడుకు ఆయన వెనక నిలబడి నేల చూస్తున్నాడు. నేను ఆ కొడుకు గురించి మంచి మాటే చెప్పబోతున్నాను. అదంతా గొంతులో ఉండిపోయింది.

లెక్కల పిన్ని ఇంకా జోకులు వేస్తోందా అని అడిగావు. వేస్తోంది అనాలో, వేసేది అనాలో తెలియడం లేదు. మాకు ఒత్తిడి తగ్గించాలని ఒక ఆదివారం శిక్షణ పెట్టారు. రాకపోతే సెలవు కింద రాసుకుంటామన్నారు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని ఒక కుర్రాయన వచ్చాడు. అందరికీ తలా ఒక బుడగ ఇచ్చి, ఊది, దాని మీద మీ మనసులోని బరువు రాయండి, తర్వాత పగలగొడదాం, బరువు పోతుంది అన్నాడు. పిన్ని పెద్ద అక్షరాలతో "ఆదివారం" అని రాసింది. మా హెడ్‌మిస్ట్రెస్, అదే మన పెద్ద మేడమ్, వచ్చి "ఫోటో తీసేదాకా ఎవరూ పగలగొట్టొద్దు" అన్నారు. ఫోటో తీసేవాడు ఆలస్యంగా వచ్చాడు. మేమందరం మా బరువులు ఒళ్లో పెట్టుకుని పిల్లల్లా కూర్చున్నాం. "అక్కా, గట్టిగా పట్టుకోకు, నీ బరువు ముందే పేలిపోతే నిన్ను గోడవైపు తిప్పి నిలబెడతారు" అని పిన్ని నా చెవిలో అంది. నవ్వలేక చచ్చాం. ఇంటికి వస్తూ బస్సులో ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

నీ ఉత్తరంలోని పెద్ద సంగతికి ఇంకా రాలేదు కదా. వస్తున్నాను. నీ టీచరు శిక్షణలో భాగంగా ఆ బడిలో పాఠాలు చెప్పిన చివరి రోజు పిల్లలు నిన్ను వెళ్లొద్దని గేటు దాకా వచ్చారని రాశావు. అక్కడే ఉద్యోగం ఇస్తామంటున్నారని, ఈ నెలలోనే మాట చెప్పాలని రాశావు. "నీలాగే అవుతాను, అమ్మా. నిన్ను చూసే ఈ దారి పట్టాను" అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచేశాను. నాలాగే అవుతానంటున్న పిల్లకు నేను ఎలా అయ్యానో చెప్పకపోతే అంతకంటే మోసం ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

గొంతు డాక్టరు నాకు వాపు ఉందని చెప్పలేదు. గొట్టం బయటికి తీసి, "గొంతు బాగానే ఉందమ్మా. ఎక్కడా చిన్న గీత కూడా లేదు" అన్నాడు. నేను నమ్మనట్టు చూస్తే తెర మీద బొమ్మ చూపించాడు. శుభ్రంగా ఉంది. "ఏం ఉద్యోగం?" అని అడిగి, నేను పలక మీద రాసింది చదివి, "నిద్ర పడుతోందా?" అన్నాడు. దానికి జవాబు రాయడానికి సుద్ద ఎత్తి, మళ్లీ కింద పెట్టేశాను. ఆయన ఒక చీటీ ఇచ్చాడు. మనసు డాక్టరు పేరు. దాన్ని సంచి అడుగున పడేసి, బయటికి వచ్చి నాన్నకు వాపు అని రాశాను. గొంతులో ఏమీ లేకుండా మాట పోయిందంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు.

ఇంకొకటి రాయాలి. పిల్లల ముందు మాట ఆగిపోయిన ఆ క్షణంలో నాకు ముందు భయం వెయ్యలేదు. హాయిగా అనిపించింది. నిజంగానే హాయి. ఎవరో వచ్చి నా నెత్తిమీది మూట దించినట్టు. ఇక నన్నెవరూ ఏమీ అడగలేరు కదా అనిపించింది. భయం తర్వాత వేసింది, ఆ హాయిని చూసుకుని.

దీనికంటే కష్టమైనది ఇంకా ఉంది. మాట తిరిగి వచ్చింది, బుడంకాయ్. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. వేడి గిన్నె మూత తీస్తుంటే ఆవిరి చేతికి కొట్టింది. "అబ్బా" అన్నాను. బయటికి వినపడేలా. నా గొంతే. వంటింట్లో నిలబడిపోయాను. చూద్దామని నోరు తెరిస్తే ఏం వచ్చిందో తెలుసా? ఏడో తరగతి హాజరు పట్టీ. మొదటి పేరు నుంచి ఆగకుండా పిలుచుకుంటూ పోయాను. ప్రతి పేరుకూ ఆ పిల్ల ముఖం, ఆ పిల్లవాడి ముఖం కళ్ల ముందుకు వస్తోంది. సగం దాకా వచ్చాక రెండు చేతులతో నోరు మూసుకున్నాను. మాట వచ్చిందని తెలిస్తే రేపు వెళ్లాలి. ఆ గేటు, ఆ గది, ఆ ఫోటోలు తలుచుకున్నాను. సింకు దగ్గర వాంతి చేసుకున్నాను. సాయంత్రం మెట్ల మీద నాన్న అడుగుల చప్పుడు వినపడితే పలక అందుకున్నాను.

అప్పటి నుంచి మూగదాన్నిగా నటించాను. నాన్న కాచిన నీళ్లకు ఆవిరి పట్టాను. ఆయన చెప్పిన కబుర్లకు తల ఊపాను. నువ్వు ఫోన్ చేసి "అమ్మకు ఎలా ఉంది" అని అడుగుతుంటే పక్కనే కూర్చుని విన్నాను. నువ్వు ఒకసారి "అమ్మ వింటుంటే చెప్పండి, నాకు కూడా ఇక్కడ సరిగా నిద్ర పట్టడం లేదని" అన్నావు. ఆ పూట నోరు తెరవబోయాను. తెరవలేదు. దీనికి నన్ను ఎలా తిడతావో తిట్టు.

నేను లేని క్లాసులు గాల్లో తేలవు కదా. అవి లెక్కల పిన్ని నెత్తి మీద పడ్డాయి. నేను ఆ సంగతి తెలియనట్టు ఉన్నాను. ఒక సాయంత్రం ఆమె నన్ను చూడడానికి వచ్చింది. నాన్న దుకాణంలోనే ఉన్నారు. చెప్పుల పట్టీ విప్పే ఓపిక లేక అలాగే లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది. టీ పెట్టి ఇచ్చాను. బిస్కెట్టు టీలో ముంచి, నోటిదాకా తీసుకెళ్లకుండానే కునుకు తీసింది. తడిసిన ముక్క తెగి కప్పులో పడ్డాక ఉలిక్కిపడి లేచింది.

"చూశావా అక్కా, బిస్కెట్టు నాకంటే ముందే తెగిపోయింది" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఒక మాట చెప్తాను, ఎవరికీ చెప్పకు" అని, పలక వైపు చూసి, "నువ్వెలా చెప్తావులే" అంది. కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"నిన్న స్కూలు ముందు రోడ్డు దాటుతున్నా. లారీ వస్తోంది. చూశాను. చూసి కూడా ఆగాలనిపించలేదు. చావాలని కాదక్కా, అలా అనుకోకు. కాలు విరిగితే చాలనిపించింది. కాలు విరిగితే ఎవరూ ఏమీ అడగరు కదా. మంచం మీద పడుకోవచ్చు. నీ గొంతు తీసుకుని నీకు సెలవిచ్చాడు దేవుడు, నాకేం తీసుకుని ఇస్తాడో అనుకుంటూ రోడ్డు మధ్యలో నిలబడ్డా. డ్రైవరు బ్రేకు కొట్టి తిట్టాడు. ఆ తిట్టుకే పక్కకు జరిగాను."

పలక ఒళ్లోకి తీసుకున్నాను. ఏం రాయను? అది రాసే మాట కాదు.

"మళ్లీ రోడ్డు మీద అలా నిలబడకు" అన్నాను. నోటితో అన్నాను.

పిన్ని కప్పు కింద పెట్టింది. నా నోటి వైపు చూసింది.

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

"నేను నీ ఏడో తరగతిని కూడా వేసుకుని లాగుతున్నప్పుడు ఉందా?"

"ఉంది."

"బావగారికి తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

"నోటితో చెప్పు. నోరుందిగా."

"తెలీదు" అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "నా దగ్గర కూడా దాచావన్నమాట" అని లేచి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మెట్లు దిగుతుంటే విప్పని ఆ చెప్పుల చప్పుడు కిందిదాకా వినపడింది.

మర్నాడు పొద్దున నాన్నకు "నడకకు వెళ్తున్నా" అని పలక మీద రాసి, పిన్ని బస్సు ఎక్కే చోటికి వెళ్లాను. బస్సు వచ్చింది, వెళ్లింది. ఆమె రాలేదు. నాకు ఆ లారీయే కళ్ల ముందు తిరిగింది. పరుగులాంటి నడకతో వాళ్లింటికి వెళ్లాను. పిన్ని అత్తగారు తలుపు తీసి, నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. "తయారై కూర్చుందమ్మా. లేవమంటే లేవదు. పిలిస్తే పలకదు" అంది.

లోపల పిన్ని మంచం అంచు మీద కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. మెడలో బడి కార్డు వేసుకుంది. సంచి ఒళ్లో ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోది పక్కన బోర్లా పడి ఉంది. నా మీద కోపం కూడా ఆ ముఖంలో మిగల్లేదు.

"లేవలేకపోతున్నానక్కా. కాళ్లకు చెప్తున్నా, వినడం లేదు" అంది.

పక్కన కూర్చున్నాను. ఆమె ఒళ్లోని సంచిలో ఫోను మోగుతోంది. ఆగి మళ్లీ మోగుతోంది. మోగినప్పుడల్లా ఆమె భుజాలు ఉలికిపడుతున్నాయి. సంచిలో చెయ్యి పెట్టి ఫోను తీశాను. పెద్ద మేడమ్.

"ఎక్కడున్నారు టీచర్? రెండు క్లాసులు ఖాళీగా ఉన్నాయి" అన్నారు ఆవిడ.

"మేడమ్, ఆమె ఇవాళ రాదు. రేపు కూడా రాదు. లేవలేని స్థితిలో ఉంది" అన్నాను.

"ఎవరు మాట్లాడేది?"

"నేనే, మేడమ్. సోషల్ టీచర్ని."

అటు పిల్లల గోల వినిపిస్తోంది.

"మీకు గొంతు వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే మీరు రండి. ఇప్పుడే బయల్దేరండి."

"నేను కూడా రాను, మేడమ్. గొంతు వచ్చింది గానీ నేను రాలేను."

కేకలు వేస్తారనుకున్నాను. ఆవిడ గొంతు తగ్గించి, పక్కన ఎవరూ వినకూడదన్నట్టు, "నాకూ రావాలని ఉండదు టీచర్. రోజూ ఉండదు. కానీ గేటు లోపల పిల్లలున్నారు. ఏం చెయ్యమంటారు?" అన్నారు. నేను జవాబు వెతుక్కుంటుండగానే ఫోను పెట్టేశారు. ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది.

ఆ పూటే పిన్నిని, పిన్నితోపాటు నన్ను నేనూ, ఆ చీటీలోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మాతో చాలాసేపు మాట్లాడింది. పిన్నికి మందులు రాసి, పూర్తిగా సెలవు పెట్టమని కాగితం ఇచ్చింది. ఆమెను ఇంట్లో ఒక్కదాన్నే వదలొద్దని వాళ్లాయనను పిలిచి మరీ చెప్పింది. నాతో, గొంతు పోవడం నటన కాదు, వచ్చాక దాచుకోవడం కూడా అదే జబ్బు అంది. అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్నదో తెలియదు. పిన్ని ఇప్పుడు ఎక్కువగా పడుకునే ఉంటోంది. నేను వెళ్లి పక్కన కూర్చుంటున్నాను. నా మీద కోపం తగ్గిందో లేదో అడగలేదు. మొన్న మాత్రం కళ్లు తెరవకుండానే "ఇవాళ ఆదివారమా అక్కా" అంది. కాదన్నాను. "అయితే పడుకుంటా" అని అటు తిరిగింది.

బడిలో మా పిల్లలందరినీ ఇప్పుడు పెద్ద హాల్లో ఒకేచోట కూర్చోబెట్టి తెర మీద పాఠం పెడుతున్నారట. ఆ హాలు అంచున ఎవరో ఒకరు నిలబడి "మాట్లాడొద్దు" అంటుంటారట. కళ్లద్దాలకు వచ్చిన ఒక తండ్రి నాన్నతో చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. నేను వెళ్తే వాళ్లు ఆ హాల్లోంచి బయటపడతారు. నేను వెళ్లలేను. ఈ రెండు మాటల మధ్యే తెల్లారుతోంది, పొద్దుగూకుతోంది.

నాన్న ఆ కబురు తెచ్చిన మర్నాడే నా సంగతి ఆయనకు చెప్పాను. అది కూడా సరిగా చెప్పలేదు. పొద్దున ఆయన పొయ్యి ముందు గిన్నె పెడుతుంటే, "ఏవండీ, ఇక నీళ్లు కాచకండి" అన్నాను. ఆయన గిర్రున తిరిగి చూశారు. ఆ ముఖంలో వెలుగు చూసి ఉండాల్సింది నువ్వు. "వచ్చిందా" అని రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు చెప్పాను, ఎప్పుడో వచ్చిందని. నా చేతులు నెమ్మదిగా వదిలేశారు. పొయ్యి ఆర్పారు. గిన్నెలోని వేడి నీళ్లు సింకులో పోశారు. తువ్వాలు మడత విప్పి తాడు మీద వేసి, దుకాణానికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఇంట్లో మాట్లాడనిది ఆయన. వచ్చి తింటారు, పడుకుంటారు. పాతవాళ్ల కబుర్లు లేవు, చీకట్లో చదివిన పెద్దాయన లేడు. ఇల్లు ఇంత పెద్దదని ఇప్పుడే తెలుస్తోంది.

ఇప్పుడు నీ ఉద్యోగం. చేరమనను, చేరవద్దనను. గేటు దాకా వచ్చిన ఆ పిల్లలు నిజం. వాళ్ల కోసం నీ ముఖంలో వచ్చే వెలుగు కూడా నిజం. అది నాలోనూ ఉండేది కాబట్టి నాకు తెలుసు. కానీ నన్ను చూసి మాత్రం నిర్ణయం తీసుకోకు. నేను నీకు పండగలా కనిపించిన రోజులే చూపించాను, మిగతావి తలుపు వేసుకుని దాచుకున్నాను. చేరితే ఒక్కటి గుర్తుపెట్టుకో. జ్వరం వచ్చిందని తెలిసి నీకు సంతోషం వేసిన రోజు, బస్సు చెడిపోతే బాగుండని మనసు కోరుకున్న రోజు, ఆ రోజే నాకు చెప్పు. రెండోసారి దాకా ఆగకు. నేను ఆగాను, పిన్ని ఆగింది. ఓపిక పట్టడం అనుకున్నాం మేము. అది ఓపిక కాదు. నువ్వు ఇప్పుడే నిద్ర పట్టడం లేదంటున్నావు. దాని గురించి వివరంగా రాయి. "పరీక్షల వల్లే" అని ఒక్క ముక్కలో తేల్చేయకు.

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపేశాను. ఇవాళ పొద్దున ఒక సంగతి జరిగింది, అది కూడా రాసి మూసేస్తాను.

నాన్న తయారై, దుకాణం తాళాలు చేతిలో పట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. నాకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తాళాలు బల్ల మీద పెట్టారు.

"నన్ను మోసం చేశావని కాదు నా బాధ" అన్నారు. "బడి నుంచి దాక్కున్నావు, అర్థమైంది. నా నుంచి కూడా దాక్కోవాలా?"

"మాట వచ్చిందంటే, ఇక వెళ్తావా అని మీరు అడుగుతారేమో అని" అన్నాను.

"అడిగేవాణ్ణే" అన్నారు. "సంతోషంతో అడిగేవాణ్ణి. తెలీక." తర్వాత, "ఇప్పుడు అడగను" అన్నారు.

"నాకు భయంగా ఉందండీ" అన్నాను. ఇన్నేళ్లలో ఆయనతో ఆ మాట అన్న గుర్తు లేదు నాకు. "వెళ్లాలంటే భయంగా ఉంది. వెళ్లకుండా ఇలా ఇంట్లో కూర్చోవాలన్నా భయంగా ఉంది. రేపటికి నేనేమవుతానో తెలియడం లేదు."

"దేనికి భయం? మొదట్నుంచి చెప్పు" అన్నారు.

చెప్పాను. ఐదుగురు కూర్చునే బల్లలు, నవ్వించి తీసిన వీడియో, ముఖానికి ఎదురుగా పెట్టిన ఫోను, ఆ హాయి, పిన్ని చూసిన లారీ, అన్నీ చెప్పాను. మధ్యలో ఎవరో దుకాణం ఎప్పుడు తెరుస్తారని ఫోన్ చేస్తే, "ఈ పూట తెరవను" అని పెట్టేశారు. ఇంకేమీ అనలేదు. ధైర్యం చెప్పలేదు. అంతా సర్దుకుంటుందనీ అనలేదు. నేను ఆగితే "ఊఁ" అన్నారు, అంతే. మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉన్నాను. గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు నిజంగానే కాస్త నొప్పిగా ఉంది.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మం వైపే చూస్తూ ఉండే
మీ అమ్మ